చచ్చినవాడి కళ్ళు చారెడు: పాత్రికేయులకు దక్కిన నివాళుల చరిత్ర

పేరున్న పాత్రికేయుడు కన్నుమూశాడని టీవీల్లో స్క్రోలింగ్ మొదలైందంటే చాలు, సంతాప సందేశాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడతాయి. "పత్రికా రంగానికి తీరని లోటు", "రాజీపడని కలం", "విలువలకు నిలువెత్తు నిదర్శనం". పత్రికల డెస్కులో పనిచేసినవారిని ఎవరినైనా అడగండి, ఈ మాటలు ఎవరు పంపినా ఒకేలా ఉంటాయని చెబుతారు. అధికార పక్షం నుంచి వచ్చిన ప్రెస్ నోట్‌నీ ప్రతిపక్షం నుంచి వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పంపినవారి పేరూ హోదా తప్ప తేడా కనిపించదు. వాటిని రాసేది పీఆర్వోలు. పోయిన మనిషి రచన ఒక్కటి కూడా చదవకుండానే రాయగలరు. చివర "కుటుంబ సభ్యులకు ప్రగాఢ సానుభూతి" అని ముగుస్తుంది. ఆ పాత్రికేయుడు ఏం రాశాడు, ఎవరి మీద రాశాడు, రాసినందుకు ఏం అనుభవించాడు అన్న సంగతి మాత్రం ఏ సందేశంలోనూ ఉండదు.

చచ్చినవాడి కళ్ళు చారెడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఊళ్ళో ఎవరు పోయినా పాత తగాదాలు పక్కన పెట్టి పాడె మోయడానికి భుజం ఇవ్వడం మన మర్యాద. ఆ మర్యాద మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పాత్రికేయుడు పోయినప్పుడు ఇదే మర్యాద మరో పనికి వాడుకలోకి వస్తుంది. ఆయన జీవితమంతా ఎవరితో తలపడ్డాడో వారి పేర్లను అది మాపేస్తుంది. జైలుకు పంపినవారు, కోర్టుల చుట్టూ తిప్పినవారు, జీతం ఎగ్గొట్టినవారు, ఒక్క పూలదండతో ఆయనకు ఆప్తులైపోతారు. రాసిన రాతలు మరుగునపడి ఫొటో మిగులుతుంది. దొంగ నివాళి ఆ పాత్రికేయుడి పనిని చెరిపేసే చివరి ప్రయత్నమని నేను నమ్ముతున్నాను. రెండున్నర శతాబ్దాలు వెనక్కి తిరిగి చూస్తే ఈ నమ్మకం బలపడుతుందే తప్ప తగ్గదు.

మన దేశంలో తొలి పత్రికాధిపతికి అసలు నివాళే దక్కలేదు. జేమ్స్ అగస్టస్ హికీ 1780 జనవరిలో కలకత్తాలో 'బెంగాల్ గెజిట్' మొదలుపెట్టాడు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌నూ ఆయన చుట్టూ ఉన్న పెద్దలనూ వదలకుండా రాశాడు. జైల్లో వేస్తే అక్కడి నుంచే పత్రిక నడిపాడు. 1782లో అచ్చు సామగ్రి జప్తు చేసి నోరు మూయించారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1802లో, చైనా వెళ్ళే ఓడలో చనిపోయాడు. కంపెనీ పెద్దలు ఆయన్ను మెచ్చుకోలేదు, మెచ్చుకున్నట్టు నటించనూ లేదు. శత్రుత్వం శత్రుత్వంగానే మిగిలింది. ఆ మేరకు అది నిజాయితీ గల కాలం.

తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో 'వివేకవర్ధని' పెట్టి, రాజమండ్రి కోర్టుల్లో లంచాలు మేసే ఉద్యోగుల గుట్టు రట్టు చేశారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాక బంధువులు, పురోహితులు ఆ ఇంటికి దూరమయ్యారు. వంటమనిషి మానేసింది, నీళ్ళు మోసే మనిషి దొరకలేదు, భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. కొక్కొండ వెంకటరత్నం పంతులు 'ఆంధ్రభాషా సంజీవని'లో ఆయనతో బాహాటంగా తలపడ్డారు. ఎవరు ఎటువైపో పాఠకుడికి తెలిసేది. 1919 మే 27న మద్రాసులో వీరేశలింగం కన్నుమూశారు. ఆ తర్వాత పోనుపోను ఆయన అందరివాడైపోయారు. ఏటా జయంతినాడు ఆయన విగ్రహానికి దండలు వేసేవారిలో, కూతురు కులాంతర వివాహం చేసుకుంటానంటే గడప తొక్కనివ్వనివారు ఎంతమందో మనందరికీ తెలుసు. వీరేశలింగం ఇవాళ పత్రిక పెడితే ఆ దండ వేసిన చేతులే ముందుగా ఆయన్ను వెలివేస్తాయి.

తెల్లదొరల కాలంలో శిక్షలు కఠినంగా ఉండేవి, ముఖస్తుతి తక్కువగా ఉండేది. విజయవాడ 'స్వరాజ్య'లో వచ్చిన రచనకు 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు రాజద్రోహం కింద శిక్ష పడింది. 'కేసరి' సంపాదకుడు బాలగంగాధర తిలక్‌ను అదే ఏడాది అదే నేరం కింద ఆరేళ్ళకు మాండలే పంపారు. 1920 ఆగస్టు 1న తిలక్ చనిపోతే బొంబాయి వీధుల్లో జనం పోటెత్తారు. ఆ జనానికి ఆయన రాతలను చదివించుకుని వినడం అలవాటు. దేశం స్వతంత్రమయ్యాక ప్రతి ప్రభుత్వమూ తిలక్‌ను కొలిచింది, ఆయన్ను మాండలే పంపిన సెక్షన్ 124 ఎ ను మాత్రం 2024 దాకా అలాగే అట్టేపెట్టుకుంది. సీనియర్ టీవీ జర్నలిస్టు వినోద్ దువా మీద 2020లో పెట్టింది కూడా ఆ రాజద్రోహం కేసే. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ డిసెంబరులో ఆయన చనిపోయారు. విగ్రహం పెట్టడం తేలిక, సెక్షన్ తీసేయడం కష్టం. పాలకుల భక్తిని కొలవడానికి ఇంతకంటే స్పష్టమైన కొలత నాకు కనిపించదు.

ఇక షోయబుల్లా ఖాన్. హైదరాబాద్‌లో ఏ జర్నలిస్టు సంఘం సభ పెట్టినా ఆ పేరు తలవకుండా ఉండదు. తలవవలసిందే. 1947 నవంబరులో బూర్గుల రామకృష్ణారావు తోడ్పాటుతో 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక పెట్టినప్పుడు ఆయన వయసు ఇరవై ఏడు. నిజాం సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని ఉర్దూలో, రజాకార్ల కళ్ళెదుట, వారికి అర్థమయ్యే భాషలో రాశాడు. రజాకార్ల ఆగడాలను ఖండిస్తూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో అచ్చువేశాడు. బెదిరింపులు వచ్చినా తగ్గలేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్తుండగా కాచిగూడ ప్రాంతంలో కాల్చి, కలం పట్టిన చేతిని నరికేశారు. తెల్లవారేలోపు ప్రాణం పోయింది. మరో నెల తిరగకముందే సంస్థానం విలీనమైంది.

ఆ రాత్రి నరికింది ఆ చేతిని మాత్రమే కాదని అందరికీ తెలుసు. అయినా ఇవాళ ఆయన పేరు రెండు రకాల చోట్ల వినిపిస్తుంది. ఒకటి, తమ మతంలోని దుర్మార్గాన్ని తామే ఎత్తిచూపిన మనిషిగా ఆయన్ను నిజంగా గౌరవించేవారి దగ్గర. రెండోది, ఒక మతాన్ని మొత్తంగా తిట్టడానికి ఆయన్ను సాక్షిగా నిలబెట్టేవారి దగ్గర. ఈ రెండో నివాళి ఆయనకు చేసే అన్యాయం. తనవాళ్ళ తప్పును తన పత్రికలో రాయగల ధైర్యం షోయబ్ వారసత్వం. దాన్ని అందుకోవాలంటే ముందు ఎవరి మతం, ఎవరి కులం, ఎవరి పార్టీ తప్పును వారు రాయాలి. అలా రాసేవారిని ఇప్పటికీ ఇంటివాళ్ళే ద్రోహులంటున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక నివాళి స్వభావం మారింది. పాలకులే పత్రికల స్నేహితులయ్యారు, సంపాదకులు రాజ్యసభ సభ్యులయ్యారు, ఎవరు పోయినా ఢిల్లీ నుంచి టెలిగ్రాం రావడం మొదలైంది. ఆ తరంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే తెలుగువాడు మానికొండ చలపతిరావు. 'ఎం.సి.' అంటే దేశమంతా తెలిసేది. లక్నోలో 1938లో మొదలైన 'నేషనల్ హెరాల్డ్'కు తొలి సంపాదకుడు మన చీరాల ప్రాంతపు కోటంరాజు రామారావు. యాజమాన్యంతో పొసగకపోతే రాజీనామా కాగితం విసిరేసి బయటికొచ్చే మనిషి ఆయన. పత్రికలు మారుతూనే బతికారు, 1942లో రాతకు జైలుకూ వెళ్ళారు. ఆయన తర్వాత 1946 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆ పత్రికను నడిపింది చలపతిరావు. నెహ్రూ ఆలోచనలను అంత లోతుగా తెలిసిన పాత్రికేయుడు మరొకరు లేరనేవారు.

కానీ చలపతిరావు చేసిన అసలు పని సంపాదకీయాల్లో లేదని నా అభిప్రాయం. 1950లో వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. సంపాదకుడి కుర్చీలో కూర్చుని రిపోర్టర్ల, సబ్ ఎడిటర్ల జీతం గురించి, పని గంటల గురించి, ఇష్టమొచ్చినట్టు ఉద్యోగం తీసేయకుండా రక్షణ గురించి కొట్లాడారు. తొలి ప్రెస్ కమిషన్‌లో సభ్యుడిగా కూర్చుని అవే మాటలు అక్కడా చెప్పారు. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. వేతన సంఘాలు వచ్చాయి. తెలుగు పత్రికల్లో ఎవరికైనా గ్రాట్యుటీ, సెలవు, నోటీసు కాలం అంటూ ఏమైనా దక్కి ఉంటే దాని వెనక ఈయన శ్రమ ఉంది.

1983 మార్చి 25న ఆయన ఢిల్లీలో రోడ్డు పక్క టీ దుకాణం దగ్గర కుప్పకూలిపోయారు. ఆ ముసలాయన ఎవరో చుట్టుపక్కలవారికి తెలియదు. ప్రధానులతో వాదించిన మనిషి ఊరూపేరూ తెలియని బాటసారిలా పోయారు. తెలిశాక సందేశాలకు కొదవలేదు. పత్రికాధిపతులూ ఆయన్ను మహానుభావుడన్నారు. ఆ పత్రికాధిపతుల వర్గం ఆ తర్వాత ఏం చేసిందో చూడండి. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2011లో కేంద్రం నోటిఫై చేస్తే యాజమాన్యాలు సుప్రీంకోర్టుకెక్కాయి. 2014 ఫిబ్రవరిలో కోర్టు వాటి పిటిషన్లను కొట్టేసింది. అయినా అమలు చేయని యాజమాన్యాల మీద ఉద్యోగులు మళ్ళీ కోర్టు ధిక్కార పిటిషన్లు వేసుకోవలసి వచ్చింది. జీతం అడిగినవారిని బదిలీ చేశారు, కాంట్రాక్టు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. చివరికి 1955 నాటి చట్టాన్ని 2020లో తెచ్చిన కార్మిక కోడ్‌లో కలిపేశారు. చలపతిరావు జయంతికి వ్యాసం వేయడానికి ఈ పత్రికలకు అభ్యంతరం ఉండదు. ఆయన సాధించిన జీతం ఇవ్వడానికే అభ్యంతరం.

చలపతిరావు పోయిన తర్వాతి దశాబ్దంలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే రెండు హత్యలు. 1985 అక్టోబరులో విజయవాడలో 'ఎన్‌కౌంటర్' సంపాదకుడు పింగళి దశరథరామ్‌ను పొడిచి చంపారు. అతడి భాషను ఇష్టపడనివారు చాలామంది, నాకూ ఆ భాషలో సగం నచ్చదు. అతడు తిట్టని పెద్దమనిషి లేడు కాబట్టి పెద్దమనుషుల నుంచి సంతాపం పెద్దగా రాలేదు. 1991 డిసెంబరులో 'ఉదయం' విలేకరి గులాం రసూల్, అతడి మిత్రుడు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. అది బూటకమని, రాసిన వార్తలకు కక్ష తీర్చుకున్నారని తోటి విలేకరులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం అతడికి నక్సలైటు ముద్ర వేసింది. ఆ ముద్ర క్రూరమైనదే, కానీ దానితో పోరాడవచ్చు, పోరాడారు కూడా. పొగడ్తతో ఎవరు పోరాడగలరు?

ఇక్కడ రచయిత, పాత్రికేయుడు ఖుష్వంత్ సింగ్ పేరు చెప్పకుండా ముందుకు పోలేను. చనిపోయినవారి గురించి మంచే మాట్లాడాలన్న గ్రీకుల నాటి సూక్తిని ఆయన ఒప్పుకోలేదు. పోయినవారి మంచీ చెడూ కలిపి రాసేవాడు, బంధువులు నొచ్చుకున్నా రాసేవాడు. కుర్రతనంలోనే తన చావును తానే ఊహించుకుని, దాన్ని పత్రికలు ఎలా వేస్తాయో, స్నేహితులు ఎంతసేపు బాధపడతారో కథగా రాసుకున్నాడు. స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్ళినందుకు 1984లో పద్మభూషణ్ తిరిగి ఇచ్చేశాడు. 2014 మార్చి 20న, తొంభై తొమ్మిదేళ్ళ వయసులో ఆయన పోయినప్పుడు వచ్చిన పొగడ్తల్లో ఆయన నేర్పిన ఈ పద్ధతిని పాటించినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

దొంగ నివాళిని ముందే ఊహించి, దానికి జవాబు రాసిపెట్టి పోయిన సంపాదకుడు ఒకరున్నారు. శ్రీలంకలో లసంత విక్రమతుంగ 1994లో అన్న లాల్‌తో కలిసి 'సండే లీడర్' వారపత్రిక స్థాపించారు. ఎల్టీటీఈని తప్పుపట్టారు, తమిళ పౌరుల మీద ప్రభుత్వ బాంబు దాడులనూ తప్పుపట్టారు. యుద్ధ విమానాల కొనుగోలులో అక్రమాలున్నాయని రాశారు. రక్షణ కార్యదర్శి గోటబయ రాజపక్స పరువునష్టం దావా వేశారు. 2009 జనవరి 8 ఉదయం కొలంబో శివారు అత్తిడియలో, ఆఫీసుకు కారులో వెళ్తుండగా మోటారు సైకిళ్ళ మీద వచ్చినవారు దాడి చేశారు. ఆసుపత్రిలో చనిపోయారు. గోటబయ అన్న, దేశాధ్యక్షుడు మహింద రాజపక్స ఖండించారు, విచారణకు ఆదేశించారు.

మూడు రోజుల తర్వాత, జనవరి 11న, లసంత సంతకంతో సంపాదకీయం అచ్చయింది. తన హత్య జరిగాక ప్రచురించడానికే అది తయారైంది. అందులో ఆయన అధ్యక్షుణ్ణి పేరుపెట్టి పలకరించారు. ఇద్దరిదీ పాతికేళ్ళకు పైబడిన స్నేహం. నేను చనిపోగానే మీరు మామూలుగా అనే మాటలన్నీ అంటారు, పోలీసులను త్వరగా దర్యాప్తు చేయమంటారు, ఇంతకు ముందు దర్యాప్తుల్లో ఏం తేలిందో ఇందులోనూ అదే తేలుతుంది అన్న అర్థంలో రాశారు. నన్ను చంపేది ప్రభుత్వమేనని కూడా రాశారు. ఒక సంతాప ప్రకటన, దాన్ని అబద్ధమని చెప్పే మృతుడి మాట, మూడు రోజుల తేడాతో జనం చదువుకున్నారు. పత్రికల చరిత్రలో ఇలాంటి సందర్భం మరొకటి నాకు తెలియదు.

ఆయన చెప్పినట్టే జరిగింది. కొన్ని వారాలకు బీబీసీ విలేకరి ఈ హత్య గురించి అడిగితే గోటబయ, లసంత ఎవరంటూ తీసిపారేశారు. ప్రపంచంలో ఎన్నో హత్యలు జరుగుతున్నాయన్నారు. 2016లో మృతదేహాన్ని వెలికితీసి మళ్ళీ పరీక్ష చేశారు. 2019లో గోటబయ దేశాధ్యక్షుడయ్యారు, 2022లో జనం తిరగబడితే దేశం విడిచి పారిపోయారు. ఇంత జరిగినా లసంత హత్యలో ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు.

రష్యాలో మాత్రం నటన కూడా తక్కువే. చెచెన్యా యుద్ధం గురించి రాసిన అన్నా పొలిత్‌కోవ్‌స్కయాను 2006 అక్టోబరు 7న మాస్కోలో ఆమె ఉండే భవనం లిఫ్టులో కాల్చి చంపారు. మూడు రోజులకు జర్మనీలో పుతిన్, దేశ రాజకీయాల మీద ఆమె ప్రభావం చాలా స్వల్పమని అన్నారు. ఆ కేసులో ఇరవై ఏళ్ళ శిక్ష పడిన మాజీ పోలీసు అధికారి ఒకడు ఉక్రెయిన్ యుద్ధంలో పాల్గొన్నందుకు క్షమాభిక్ష పొందాడని 2023లో బయటపడింది.

పక్కనే కర్ణాటకలో సంపాదకురాలు గౌరీ లంకేశ్ హత్య 2017 సెప్టెంబరు 5 రాత్రి. బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో తన ఇంటి గుమ్మం ముందే కాల్చారు. మరుసటి రోజు చామరాజపేట శ్మశానంలో పోలీసు తుపాకులు గాలిలోకి పేల్చి అధికార లాంఛనాలతో వీడ్కోలు పలికారు. అంతకు పది నెలల ముందు, 2016 నవంబరులో, రాజకీయ నాయకుల మీద రాసిన వార్తకు పరువునష్టం కేసులో హుబ్బళ్ళి కోర్టు ఆమెకు ఆరు నెలల జైలు శిక్ష వేసింది. ఆ రోజు ఆమెకు తోడు నిలబడిన ప్రముఖులు తక్కువ. ఆమె పత్రికకు ప్రకటనలు లేవు, చందాదారుల మీదే నడిచేది. తండ్రి పి. లంకేశ్ 1980లో ప్రారంభించిన 'లంకేశ్ పత్రికె'దీ అదే పద్ధతి. ఆమె చివరి సంపాదకీయం తప్పుడు వార్తల గురించి. ఆమె చనిపోయిన కొన్ని గంటల్లోనే ఆమె మీదే తప్పుడు వార్తలు ఊరేగాయి. 2024 అక్టోబరులో బెయిలు మీద బయటికొచ్చిన నిందితులిద్దరికి విజయపురలో పూలదండలు వేసి, శాలువాలు కప్పి సన్మానం చేశారు. ఆ కేసు విచారణ అప్పటికీ పూర్తికాలేదు. గాలిలోకి పేల్చిన తుపాకులకూ ఈ శాలువాలకూ మధ్య ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ "తీరని లోటు" అన్నవారిలో ఎందరు కోర్టు వాయిదాలను అనుసరించారో వారే చెప్పాలి.

అదే ఏడాది, గౌరి హత్య జరిగిన నెలన్నర లోపు, మధ్యధరా సముద్రంలోని మాల్టాలో పాత్రికేయురాలు డాఫ్నీ కరువానా గలిజియాను చంపారు. 2017 అక్టోబరు 16 మధ్యాహ్నం బిడ్నియా గ్రామంలో ఇంటి నుంచి బయలుదేరిన ఆమె కారును బాంబుతో పేల్చారు. ప్రధాని జోసెఫ్ మస్కట్, తనను అందరికంటే ఘాటుగా విమర్శించింది ఆమేనని ఒప్పుకుంటూనే, ఈ హత్య భావ ప్రకటనా స్వేచ్ఛ మీద దాడి అన్నారు. హంతకులను పట్టించినవారికి పది లక్షల యూరోల బహుమానం ప్రకటించారు. వినడానికి ఎంత బాగుంది!

అసలు లెక్క వేరే ఉంది. చనిపోయేనాటికి ఆమె మీద నలభైకి పైగా పరువునష్టం దావాలు నడుస్తున్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక మంత్రి కోర్టు ఉత్తర్వుతో ఆమె బ్యాంకు ఖాతాలు స్తంభింపజేయించారు. మాల్టా చట్టం ప్రకారం దావా వేయించుకున్న మనిషి చనిపోతే అది వారసుల మీదకు వస్తుంది. బాంబు పొగ ఆరకముందే ఆమె భర్త, ముగ్గురు కొడుకులు ఆ కేసుల్లో ప్రతివాదులయ్యారు. స్వయంగా ప్రధాని వేసిన దావా కూడా ఆమె చనిపోయాక కొనసాగింది. నోటితో స్వేచ్ఛ గురించి మాట్లాడిన నాయకుడి వకీలు కోర్టులో చనిపోయిన మనిషి కొడుకుల మీద వాదించాడు.

ఆ కుటుంబం చేసిన పని మన సంతాప సభల సంస్కృతికి గట్టి పాఠం. నవంబరు 3న మోస్టా చర్చిలో అంత్యక్రియలు జరిగితే దేశాధ్యక్షురాలినీ ప్రధానినీ రావద్దన్నారు. వారు రాలేదు. ప్రకటించిన బహుమానాన్ని సమర్థించమని అడిగితే ఒప్పుకోలేదు. రాజధాని వలెట్టాలో న్యాయస్థానం ఎదురుగా ఉన్న స్మారకం దగ్గర జనం ఆమె ఫొటో పెట్టి, పూలు, కొవ్వొత్తులు ఉంచేవారు. ప్రభుత్వ ఆదేశాల మీద సిబ్బంది వచ్చి వాటిని ఎత్తేసేవారు. జనం మళ్ళీ పెట్టేవారు, మళ్ళీ ఎత్తేసేవారు. రెండేళ్ళకు పైగా అలా సాగింది. 2020 జనవరిలో అక్కడి న్యాయస్థానం అది భావ ప్రకటనా హక్కుకు భంగమని తీర్పిచ్చింది. అప్పటికి మస్కట్ పదవి పోయింది. 2021 జులైలో వచ్చిన బహిరంగ విచారణ నివేదిక, తప్పు చేసినవారికి ఏమీ కాదన్న వాతావరణాన్ని సృష్టించినందుకు ఈ హత్యకు ప్రభుత్వం బాధ్యత వహించాలని తేల్చింది. ఏది దొంగ నివాళి, ఏది నిజమైనది అని ఎవరైనా అడిగితే నేను ఆ పూల సంగతే చెబుతాను.

ఇంకో ఏడాదికి, 2018 అక్టోబరు 2న, ఇస్తాంబుల్‌లోని సౌదీ దౌత్య కార్యాలయంలోకి వెళ్ళిన ఆ దేశపు పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గి మళ్ళీ బయటికి రాలేదు. పెళ్ళి కాగితాల కోసం వెళ్ళాడు. మూడు వారాలకు, అక్టోబరు 23న, అతడి పెద్దకొడుకు సలాహ్‌ను రియాద్ రాజభవనానికి పిలిపించారు. రాజు, యువరాజు పరామర్శించారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ చెయ్యి చాచి ఉన్నాడు, సలాహ్ ఆ చేతిని పట్టుకుని, కళ్ళు కదపకుండా అతడి ముఖంలోకే చూస్తున్నాడు. ఆ కొడుకు దేశం దాటకుండా అప్పటిదాకా నిషేధం ఉంది. ఆ చేతిని పట్టుకోకుండా ఉండే వీలు అతడికి లేదు. హత్యకు యువరాజు ఆమోదం ఉందని 2021లో అమెరికా గూఢచార నివేదిక చెప్పింది. ఆదేశించలేదని యువరాజు అంటున్నాడు. ఆ సంగతి అలా ఉంచినా, బలవంతంగా అందుకోవలసి వచ్చిన పరామర్శ ఎలా ఉంటుందో ఆ ఒక్క ఫొటో చాలు.

దూరదేశాల సంగతులు చదివి మనం ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. మన మండల విలేకరి సంగతి చూడండి. అతడు ఏ పత్రికలోనూ ఉద్యోగి కాదు. అచ్చయిన పంక్తులు లెక్కగట్టి ఇచ్చే 'లైన్ అకౌంట్' మీద బతకాలి. ప్రకటనలు తేవాలి, చందాలు కట్టించాలి. ఇసుక గురించో రేషన్ బియ్యం గురించో రాస్తే ముందుగా దెబ్బ తగిలేది అతడికే. బైకు మీద వార్తకు వెళ్తూ ప్రమాదంలో పోతే యాజమాన్యం అతడు తమ సిబ్బంది కాదంటుంది. పీఎఫ్ లేదు, బీమా లేదు. అక్రిడిటేషన్ కార్డు ఉంటే ప్రభుత్వం నుంచి ఏదో కొంత రావచ్చు, లేకపోతే అదీ లేదు. మరునాడు జిల్లా ఎడిషన్‌లో మాత్రం "మా విలేకరి" అని ఫొటోతో వస్తుంది. ప్రెస్ క్లబ్బులో చిత్రపటానికి పూలమాల, రెండు నిమిషాల మౌనం. ఇసుక రాతలతో ఇబ్బందిపడ్డ నాయకుడే ముందు వరుసలో కూర్చుని, అతడి పిల్లల చదువు బాధ్యత తనదని ప్రకటిస్తాడు. ఆ ప్రకటన కూడా వార్త అవుతుంది. ఏడాది తర్వాత ఆ పిల్లల ఫీజు ఎవరు కట్టారని రాసిన పత్రిక అరుదు. కరోనా రెండేళ్ళలో ఇలాంటి ఇళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో.

పాత్రికేయ వృత్తిలోనూ దోషం ఉందని ఒప్పుకోవాలి. బతికున్నప్పుడు ఒక సంపాదకుడి మీద కేసు పెడితే ఆ వార్త లోపలి పేజీలో చిన్న పెట్టెలో వేసి, చనిపోతే మొదటి పేజీలో వేసేది మనమే. సందేశం పంపినవారి పేర్లు వరుసగా అచ్చువేసేదీ మనమే. ఒక్కరినీ అడగం, ఆయన మీద మీరు వేసిన దావా ఏమైందని.

నిజమైన నివాళికి ఉదాహరణలు లేకపోలేదు. డాఫ్నీ చనిపోయిన ఆరు నెలలకు, 2018 ఏప్రిల్‌లో, పద్దెనిమిది వార్తా సంస్థలకు చెందిన నలభై ఐదుగురు పాత్రికేయులు ఆమె వదిలి వెళ్ళిన పరిశోధనలను తీసుకుని ముందుకు నడిపి అచ్చువేశారు. ఆమెను చంపితే ఆగుతుందనుకున్న వార్త పదిహేను దేశాల్లో వచ్చింది. బెంగళూరులో గౌరి చనిపోయిన వారానికి వేలమంది 'నేనూ గౌరి' అంటూ వీధుల్లో నడిచారు. గులాం రసూల్ కోసం హైదరాబాద్ విలేకరులు పెన్నులు పక్కన పెట్టి ధర్నా చేశారు. వీటిలో పొగడ్త తక్కువ, పని ఎక్కువ.

ప్రపంచంలో పాత్రికేయుల హత్యల్లో దాదాపు 85 శాతం కేసులు తేలకుండానే ఉండిపోతున్నాయని యునెస్కో లెక్క. వీటిలో చాలా హత్యల తర్వాత ఏదో ఒక ప్రభుత్వం సంతాపం ప్రకటించే ఉంటుంది.

కాబట్టి తెలుగు పత్రికల డెస్కుల్లో కూర్చున్న మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి పేరున్న జర్నలిస్టు ఎవరైనా కన్నుమూసి సందేశాలు వచ్చిపడినప్పుడు, వాటిని అచ్చువేయండి, వద్దనను. ప్రతి సందేశం కింద ఇంకో పంక్తి చేర్చండి: ఈ సందేశం పంపినవారు, లేదా వారి పార్టీ, లేదా వారి సంస్థ ఆ జర్నలిస్టు మీద పెట్టిన కేసు ఇప్పుడు ఏ కోర్టులో ఉంది, చెల్లించాల్సిన జీతం బకాయి ఎంత, హత్య అయితే దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చింది. కేసేదీ లేకపోతే లేదనే రాయండి. పాఠకులు కూడా ఆ పంక్తి కనిపించని రోజున పత్రికకు ఉత్తరం రాసి అడగండి.